సముద్రం ఒడ్డున ఇల్లు కట్టేటప్పుడు: నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం

మా చెల్లె ఇల్లు చీరాల దగ్గర, ఓడరేవుకు పోయే తొవ్వలో ఉంది. దగ్గరుండి కట్టించింది నేనే. మిర్యాలగూడ నుంచి మన సుతారి వాళ్లను తీసుకుపోయి, ఇక్కడ ఎట్లా కడతామో అక్కడా అట్లాగే కట్టించాను. ఆరో ఏడాది వానల్లో చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, వంటింటి కిటికీ మీది సజ్జ పెచ్చు ఊడి పడ్డది. బిడ్డ అప్పుడే అక్కడి నుంచి లేచి లోపలికొచ్చింది" అన్నది.

పోయి నిచ్చెన వేసి చూశాను. పెచ్చు ఊడిన చోట సలాక ఉబ్బి పొరలు పొరలుగా ఉంది. గోరు పెట్టి గీకితే ఎర్రటి పొడి రాలింది. ఊడిన పెచ్చు మందం కొలిస్తే అర అంగుళం. అంటే సలాక కింద ఉన్న కాంక్రీటు అంతే. అదే మందంతో, అదే సిమెంటుతో మేం మిర్యాలగూడలో కట్టిన ఇండ్ల సజ్జలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

ఆనాటి నుంచి తీరంలో పని ఒప్పుకున్నప్పుడల్లా ప్రతి సామానునూ ఒకే ప్రశ్నతో చూస్తున్నాను: ఇది తడిస్తే ఎట్లా ఆరుతుంది? మన దగ్గర ఈ ప్రశ్న ఎవరూ అడగరు. రాత్రి వాన పడితే మర్నాడు మధ్యాహ్నానికి గోడ పొడిగా ఉంటుంది. మన పనిలోని లోపాలను చాలావరకు ఎండే కాపాడుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమలో ఉప్పు ఉంటుంది, గోడ మీద పేరిన ఉప్పు మళ్లీ గాలిలోని తేమను పీలుస్తుంది. అక్కడ తడిసింది ఒక పట్టాన ఆరదు.

పిల్లల ఉద్యోగాల కోసం విశాఖలోనో కాకినాడలోనో ప్లాటు కొన్న మన జిల్లాల వాళ్లు, ఇక్కడి నుంచి అక్కడి పనులకు పోయే మేస్త్రీలు కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఏ వరుసలో పోవాలో రాస్తున్నాను.

ముందు జాగాను చూడండి

సామాను జాబితా రాయకముందే ఒక పూట ఆ వీధిలో నడవండి. పదేళ్ల కిందట కట్టిన ఇండ్లు నాలుగైదు ఎంచుకుని మూడు చోట్ల చూడండి: కిటికీ గ్రిల్లు వెల్డింగు అతుకులు, సజ్జల అడుగు అంచులు, గేటు కింది భాగం. అక్కడి గాలిలో ఉప్పు ఎంతుందో ఈ మూడూ చెప్పేస్తాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న ముఖం, వెనక ముఖం ఒకేలా పాడయ్యాయా అన్నదీ గమనించండి. ఉప్పు గాలి ఒడ్డున మొదటి కొన్ని వందల మీటర్లలో దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. మధ్యలో సరుగుడు తోట ఉంటే ఇంకా తగ్గుతుంది.

కాంక్రీటుకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 456. 2000 సంవత్సరపు ఆ ప్రమాణం ఇల్లు ఉండే పరిసరాన్ని ఐదు తరగతులు చేసింది. తీరప్రాంతంలో ఉప్పు గాలి నేరుగా తగలకుండా చాటున ఉన్న కాంక్రీటు రెండో తరగతి, తీరపు గాలికి తెరిచి ఉన్నది మూడో తరగతి, సముద్రపు తుంపర పడేది నాలుగో తరగతి. మీ ప్లాటు ఏ తరగతిలో ఉందో ఇంజినీరును అడిగి డ్రాయింగు మీదే రాయించుకోండి. తర్వాతి లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఇంకో మాట. పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపు జాగాకు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. అడ్వాన్సు ఇచ్చే ముందే అనుమతి సంగతి తేల్చుకోండి.

నీళ్లు, ఇసుక

మన దగ్గర బోరు వేయగానే ఆ నీళ్లతోనే పని మొదలుపెడతాం. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను దెబ్బతీసింది కానీ, సిమెంటు పనికి ఆ నీళ్లు అడ్డు రాలేదు. తీరంలో బోరు నీళ్లలో ఉండేది ఉప్పు, అంటే క్లోరైడు. సలాకకు అదే శత్రువు. సలాక వేసే కాంక్రీటులో వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని ఐఎస్ 456 చెబుతుంది. ఊరికే కాంక్రీటు అయితే, అంటే సలాక లేకపోతే, 2000 దాకా ఒప్పుకుంటుంది. ఉప్పు కాంక్రీటును కాదు, లోపలి ఇనుమును తింటుందని ఈ రెండు అంకెలు చూస్తేనే అర్థమవుతుంది.

లీటరు సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపండి, క్లోరైడు విడిగా కొలవమని చెప్పండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది కాబట్టి అది చాలదు. బోరు పనికిరాకపోతే మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది: కలిపేటప్పుడు ట్యాంకరు నీళ్లు వాడి, క్యూరింగుకు మాత్రం బోరు నీళ్లు కొడతారు. రోజూ పోసిన ఉప్పునీళ్లు పచ్చి కాంక్రీటులోకి ఇంకి, ఎండినప్పుడు ఉప్పు అందులోనే ఉండిపోతుంది. క్యూరింగుకు కూడా మంచినీళ్లే. ఖర్చనిపిస్తే గోనె పట్టాలు కప్పి తడపండి, స్లాబ్ మీద మళ్లు కట్టండి, నీళ్లు తక్కువ పడతాయి.

ఇసుక సముద్రం పక్కది, ఉప్పుటేరు పక్కది వద్దు. ఏటి ఇసుకైనా సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా తీసిందైతే అనుమానించండి. పాత మేస్త్రీలు చిటికెడు నాలుక మీద వేసుకుని చూస్తారు. ఉప్పగా ఉందంటే కచ్చితంగా వద్దు, ఉప్పగా లేనంత మాత్రాన మంచిదని కాదు. పిడికెడు ఇసుకను డిస్టిల్డ్ వాటరులో కలిపి, తేరిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, ఉప్పున్న నీళ్లు పాలలా తెల్లబడతాయి. కంకర రాతి నుంచి చేసిన ఎం-శాండ్ దొరికితే అదే మేలు.

సిమెంటు, కాంక్రీటు

సిమెంటుకు మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో కొదవ లేదు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు. బ్రాండు గురించి ఎక్కువ ఆలోచించకండి, రకం గురించి ఆలోచించండి. తీరానికి ఉక్కు కర్మాగారాల స్లాగ్ కలిసిన పీఎస్‌సీ మొదటి ఎంపిక, థర్మల్ బూడిద కలిసిన పీపీసీ రెండోది. ఇవి గట్టిపడ్డాక కాంక్రీటులో సూక్ష్మ రంధ్రాలు తగ్గుతాయి, ఉప్పు లోపలికి నెమ్మదిగా పోతుంది. సల్ఫేటును తట్టుకునే ఎస్‌ఆర్‌సీ సిమెంటు సముద్రానికి మంచిదని దుకాణాల్లో చెబుతుంటారు. సల్ఫేటు నేలలకు అది మంచిదే. కానీ క్లోరైడును కొంత పట్టి ఉంచే పదార్థం అందులో తక్కువ, కాబట్టి సలాకను ఉప్పు గాలి నుంచి కాపాడడానికి దాన్ని నమ్ముకోకండి.

స్లాగ్, బూడిద సిమెంట్లు మెల్లగా బలం పుంజుకుంటాయి. ఏడో రోజే సెంట్రింగు విప్పమని తొందరపెట్టకండి. క్యూరింగు కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు.

మూడో తరగతి పరిసరానికి ఐఎస్ 456 అడిగేది కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతుకు మించకూడదు. తుంపర పడే నాలుగో తరగతికి ఎం35, 340 కిలోలు, నీళ్ల నిష్పత్తి అదే 0.45. మనం ఇండ్లకు వాడే గంపల లెక్క ఎం20 దగ్గరే ఆగిపోతుంది. ఎం30 కావాలంటే ల్యాబులో మిక్స్ డిజైన్, అంటే ఏ సామాను ఎంత కలపాలో లెక్క, చేయించుకోవాలి, లేదా రెడీమిక్స్ తెప్పించాలి.

ఆ 0.45 అంటే ఏమిటో మేస్త్రీకి బకెట్ల భాషలో చెప్పండి. 50 కిలోల బస్తాకు 22న్నర లీటర్ల నీళ్లు. 20 లీటర్ల పెయింటు బకెట్టు నిండుగా ఒకటి, ఇంకో రెండున్నర లీటర్లు. ఇసుకలో ముందే ఉన్న తడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వానలో తడిసిన ఇసుక నూరు కిలోలకు నాలుగైదు లీటర్ల నీళ్లు మోసుకొస్తుంది, అప్పుడు బకెట్టులో అంత తగ్గించాలి. "సార్, ఇట్లయితే మాల్ జారదు" అని మేస్త్రీ అంటాడు. నిజమే, జారదు. జారడానికి నీళ్లు పోయకుండా ప్లాస్టిసైజరు కలపండి, వైబ్రేటరు తప్పకుండా పెట్టండి. తొందరగా గట్టిపడుతుందని అమ్మే క్యాల్షియం క్లోరైడు మందులు మాత్రం సలాక ఉన్న కాంక్రీటులో వేయనీయకండి. ఉప్పు బయటి నుంచి రాకుండా ఇంత పాటుపడి, చేతులారా లోపల పోసినట్టవుతుంది.

సలాక, దాని మీది కవరు

ఇక్కడ కాసేపు ఆగుతాను. నేను చూసిన తీరపు ఇండ్లలో ఎక్కువ దెబ్బతిన్నది ఈ చోటే.

కాంక్రీటుకు ఉన్న క్షార గుణం వల్ల సలాక మీద కంటికి కనపడని పలచటి పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు పట్టదు. క్లోరైడు చేరితే పొర తెగుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు చిట్లుతుంది, చిట్లిన సందులోంచి ఇంకా ఉప్పు పోతుంది. ఉప్పు సలాకను చేరడానికి పట్టే కాలాన్ని నిర్ణయించేవి రెండే: కాంక్రీటు ఎంత చిక్కగా ఉంది, కవరు, అంటే సలాకను కప్పి ఉన్న కాంక్రీటు, ఎంత మందం ఉంది.

కవరు మూడో తరగతికి 45 మిల్లీమీటర్లు, నాలుగో తరగతికి 50. మన దగ్గర స్లాబుకు 20 పెట్టి అలవాటు. ఈ అంకె మార్చగానే డిజైను మారుతుంది: సలాక పైకి జరిగితే స్లాబు బలం తగ్గుతుంది కాబట్టి మందం పెంచాలి. మేస్త్రీకి నోటిమాటగా చెప్పి వదిలేయకుండా ఇంజినీరుతో లెక్క మళ్లీ వేయించండి.

మా చెల్లె ఇంటి సజ్జ విషయంలో నేను ఆలోచించనిది ఇదే. మన సజ్జ మందం మూడు అంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు. పైన 45, కింద 45 ఆ మందంలో పట్టనే పట్టవు. కాబట్టి తీరంలో పలచటి కాంక్రీటు సజ్జలు పెట్టకూడదు. పెడితే మందంగా పెట్టాలి, లేదా సజ్జ ఆలోచనే మాని పైకప్పును రెండు మూడు అడుగులు ముందుకు చాచాలి. పలచటి ఫిన్నులు, డిజైను గ్రిల్లు జాలీలు, పిట్టగోడ మీది సన్నటి సిమెంటు స్తంభాలు కూడా ఇంతే. చూడ్డానికి బాగుంటాయి, ముందు చిట్లేవి అవే.

కవరు బిల్లలు ముందే చేయించుకోండి. స్లాబుకు వాడే మిక్సు లాంటి చిక్కటి మాలుతోనే 45 మిల్లీమీటర్ల మందంలో పోసి, బైండింగ్ వైరు ముక్క గుచ్చి, వారం రోజులు నీళ్లలో ఉంచాలి. కంకర రాళ్లు, టైలు ముక్కలు, సలాక తుంపులు కవరు కింద పెట్టనీయకండి. రాయి జారుతుంది, సలాక తుంపు అయితే ఉప్పుకు నేరుగా తొవ్వ వేసినట్టే. స్లాబు పోసే రోజు పొద్దున్నే మీరే టేపు పట్టుకుని పది చోట్ల కొలవండి. బాల్కనీ, సజ్జల్లో ముఖ్యమైన సలాక పై వైపు ఉంటుంది. పనివాళ్లు తొక్కితే అది కిందికి అణిగిపోతుంది, దాన్ని నిలిపే కుర్చీలు (వంచిన సలాక ఆధారాలు) దగ్గర దగ్గరగా ఉండాలి.

బైండింగ్ వైరు కొసలు చూడండి. కట్టిన తర్వాత రెండు కొసలు బయటికి, సెంట్రింగు వైపు పొడుచుకుని ఉంటాయి. వాటిని లోపలికి వంచాలి. లేకపోతే ఏడాది తిరగకుండా స్లాబు అడుగున తుప్పు చుక్కలు వరసగా కనపడతాయి, అక్కడి నుంచి తేమ లోపలికి పోతుంది. ఒక పిల్లవాడిని ప్లయరు ఇచ్చి రెండు గంటలు కూర్చోబెడితే అయిపోయే పని ఇది.

సలాక నెలల ముందు కొని ఇసుకలో పడేయొద్దు. కట్టెల మీద ఎత్తుగా పేర్చి, టార్పాలిన్ కప్పి, పని దగ్గరపడ్డాకే తెప్పించండి. బయట పడి ఉన్న సలాక మీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు మంచినీళ్లతో కడిగించండి. తుప్పును ఎక్కువ తట్టుకునేదని సీఆర్‌ఎస్ సలాక అమ్ముతారు, కొంత మేలే. ఎపాక్సీ పూత సలాక కూడా ఉంది, కానీ వంచేటప్పుడు పూత లేచిన చోటల్లా మళ్లీ పూయాలి. అంత జాగ్రత్తగా పనిచేసే మనిషి సైటులో లేకపోతే ఆ డబ్బును కవరు మీద, కాంక్రీటు మీద పెట్టండి.

ఇక మన ఊళ్లలో ప్రతి ఇంటి మీదా కనిపించేది: పై అంతస్తు ఎప్పుడో వేద్దామని పిల్లర్ల మీద వదిలిన సలాకలు. నల్లగొండలో పదేళ్లు అట్లాగే ఉన్నా పై తుప్పు గీకి వాడుకుంటాం. తీరంలో అట్లా వదిలితే తుప్పు సలాక వెంబడే పిల్లరులోకి దిగుతుంది. పై అంతస్తు ఒకటి రెండేళ్లలో కట్టే ఉద్దేశం లేకపోతే వదలకండి. వదిలితే సిమెంటు పాలు పూసి, చుట్టూ సిమెంటు తక్కువ వేసిన బీద కాంక్రీటు పోసి మూసేయండి. కట్టే రోజున పగలగొట్టుకోవచ్చు.

గోడలు, బేస్‌మట్టం

ఇటుక ఎంచుకునేటప్పుడు రెండు పరీక్షలు ఇంటి దగ్గరే చేయొచ్చు. బాగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. మామూలు తరగతి మట్టి ఇటుక 20 శాతానికి మించి నీళ్లు తాగకూడదు. అంటే మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటకూడదు. రెండోది, ఇటుకను పళ్లెంలో అంగుళం లోతు మంచినీళ్లలో నిలబెట్టి, నీళ్లు ఇంకి ఆవిరయ్యేదాకా వదిలేయండి, మళ్లీ ఒకసారి అట్లాగే చేయండి. ఇటుక మీద తెల్లటి బూడిదలా పేరితే అందులో ఉప్పు ఉన్నట్టు. ఆ బట్టీ ఇటుక కొనకండి. ఏ గిలాబు పూతా దాన్ని ఆపలేదు.

మన దగ్గర రాతి గోడ మందంగా కడితే ఇల్లు చల్లగా ఉంటుందని పెద్దవాళ్లు అంటారు. పగలు ఎక్కిన వేడి లోపలికి వచ్చేలోపు రాత్రి చల్లబడుతుంది కాబట్టి అది మన వాతావరణానికి సరైన మాట. తీరంలో రాత్రి కూడా అంతగా చల్లబడదు, మందపాటి గోడ వేడిని పట్టుకుని రాత్రంతా వదులుతుంది. అక్కడ ఒంటికి సుఖమిచ్చేది గాలి కదలిక. కాబట్టి నివాసపు గదులకు ఎదురెదురు గోడల్లో కిటికీలు, తూర్పు, దక్షిణాల నుంచి వచ్చే సముద్రపు గాలి ఒక వైపు నుంచి దూరి ఇంకో వైపు నుంచి పోయే తొవ్వ, ముందు లోతైన వరండా కావాలి. మన గ్రానైటును పునాదికి, బేస్‌మట్టానికి వాడుకోండి. ఉప్పుకు అంత గట్టిగా నిలిచేవి తక్కువ.

నేల తడి గోడ ఎక్కకుండా బేస్‌మట్టం మీద డీపీసీ పొర వేయాలి. 40 నుంచి 50 మిల్లీమీటర్ల చిక్కటి కాంక్రీటులో వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపి, పైన తారు పూత. నేల మట్టానికి కనీసం ఆరు అంగుళాలు పైన ఉండాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. తర్వాత బయటి గిలాబు కింది నుంచి పైదాకా ఏకంగా కొట్టేస్తారు. అప్పుడు తడి డీపీసీని దాటి గిలాబు వెంబడి పైకెక్కుతుంది. డీపీసీ దగ్గర గిలాబును తెంపి, ఒక గాడి వదలమని చెప్పండి. మన సుతారి పనినే అక్కడ తాపీ పని అంటారు, గాడి అంటే ఇద్దరికీ తెలుసు.

నీటి చుక్క ఎటు పోతుందో చూడండి

ఒక చెంబెడు నీళ్లు తీసుకుని ఏదైనా సజ్జ మీద మెల్లగా పోయండి. అంచు దాకా వచ్చిన నీళ్లు వెంటనే కింద పడవు. అంచు తిరిగి, సజ్జ అడుగుకు అంటుకుని, వెనక్కి పాకి గోడను చేరతాయి. కిటికీ పైమూల ఎప్పుడూ నల్లగా ఎందుకు ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

దీనికి మందు ఒక గాడి. సజ్జ అడుగున, అంచుకు ఒకటిన్నర అంగుళం లోపల, అర అంగుళం వెడల్పున, పొడుగునా. కాంక్రీటులో చెక్కితే కవరు తగ్గుతుంది కాబట్టి గిలాబులోనే పట్టీ పెట్టి తీయించండి. గోడ దగ్గర రెండు అంగుళాల ముందే గాడిని ఆపాలి, లేకపోతే గాడే నీళ్లను గోడకు అప్పగిస్తుంది. కిటికీ కింది బండకూ, పిట్టగోడ పైబండకూ ఇదే పద్ధతి: పైన బయటికి వాలు, అడుగున గాడి, గోడను దాటి కనీసం అంగుళమున్నర ముందుకు. తాండూరు బండ, గ్రానైటు ఏదైనా సరే, మిషను మీద గాడి కోయించుకుని తెచ్చుకోండి.

స్లాబు మీద వాలు పది అడుగులకు అంగుళంన్నర ఉండనివ్వండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా తిప్పండి. నీటి గొట్టాలు గోడలోపల వేయకండి, బయట వేస్తే కారినా కనపడుతుంది.

పైకప్పు, తుపాను

గాలి లెక్కలకు మన ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం హైదరాబాదుకు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. తేడా చిన్నగా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు 30 శాతం ఎక్కువ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ చూసిన తీరం అది.

రేకులైనా, బెంగుళూరు పెంకులైనా కప్పును గాలి కిందికి తొయ్యదు, పైకి పీకుతుంది. ముందు లేచేవి అంచులు, మూలలు. కాబట్టి నడిమి కంటే అంచుల్లో స్క్రూలు దగ్గరగా వేయించండి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలిన కప్పు మేలు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య వాలు ఉంటే గాలికి తట్టుకుంటుంది. వాసం దూలానికి, దూలం గోడ మీది బీముకు, బీము పిల్లరుకు పట్టీలతో, బోల్టులతో బిగించి ఉండాలి. ఆ గొలుసులో ఒక్క చోట మేకు మాత్రమే ఉన్నా కప్పు అక్కడ ఊడుతుంది. పోర్టికో రేకుల కప్పును ఇంటి కప్పుతో కలపకండి, విడిగా ఉంచండి. అది లేచిపోయినా ఇంటి కప్పును వెంట తీసుకుపోదు.

రేకు కొనేటప్పుడు పూత బరువు అడగండి. చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు పూత మన దగ్గర నడుస్తుంది, తీరానికి 275 తీసుకోండి. అల్యూమినియం, జింకు కలిసిన పూత ఇంకా మంచిది, కానీ పచ్చి సిమెంటు దానికి తగలకూడదు.

ఇనుము, చెక్క, స్క్రూలు

స్టెయిన్‌లెస్ స్టీలంటే తుప్పు పట్టదనుకుంటాం. 304 రకం ఉప్పు గాలిలో గోధుమ రంగు మచ్చలు వేస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం నిలుస్తుంది. అయస్కాంతం పెట్టి తేడా తెలుసుకోలేం, కాబట్టి బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. మొత్తం రెయిలింగు 316 పెట్టే స్తోమత లేకపోతే కనీసం స్క్రూలు, బందులు, గొళ్లాలు 316వి గానీ ఇత్తడివి గానీ కొనండి. రెండు వేరు లోహాలు తడిలో తగిలి ఉంటే ఒకటి ఇంకోదాన్ని తింటుంది. అల్యూమినియం కిటికీని మామూలు ఇనుప స్క్రూతో బిగిస్తే పాడవడం స్క్రూ దగ్గరే మొదలవుతుంది, మధ్యలో నైలాన్ వాషరు వేయించండి.

ఇనుప గ్రిల్లు తప్పదనుకుంటే చదునైన పట్టీ కంటే గుండ్రటి కడ్డీ మంచిది, నీళ్లు నిలవవు. బోలు గొట్టాలైతే రెండు కొసలూ మూసి వెల్డింగు చేయాలి, లోపలి నుంచి తినే తుప్పు బయటికి కనపడదు. కడ్డీల గ్రిల్లును అంతా చేసిన తర్వాత వేడి జింకులో ముంచిస్తే రంగు కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ వస్తుంది. కొసలు మూసిన బోలు గొట్టాలను మాత్రం అట్లా ముంచొద్దు, ఆ వేడికి పేలతాయి.

దర్వాజలకు బాగా ఆరిన టేకు సాటిలేనిది. కొత్తగా కోసిన వేప తీరపు తేమలో ఉబ్బుతుంది. ముదిరిన తాటి దూలం అక్కడి పాత ఇండ్లలో వాసాలుగా కనిపిస్తుంది, దొరికితే వదలకండి. ప్లైవుడ్ వంటగదిలో అయితే మెరైన్ గ్రేడుది, కోసిన అంచులన్నీ మూయించాలి. మరుగుదొడ్ల తలుపులకు, కిటికీలకు యూపీవీసీ పెట్టుకోండి, లోపలి స్టీలుకు జింకు పూత ఉందో లేదో అడగండి. కరెంటు బోర్డుల వెనక ఇనుప డబ్బాలు వద్దు, ప్లాస్టిక్‌వే.

గిలాబు, రంగు

బయటి గోడకు గిలాబు రెండు పూతలు, మొత్తం 20 మిల్లీమీటర్లు. సముద్రం వైపు ఒక పాలు సిమెంటుకు ఇసుక నాలుగు పాళ్లకు మించనీయకండి. రంగు వేయడానికి తొందరపడకండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. మర్నాడు లోపలి వైపు నీటి చెమ్మ కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు. ఆయిల్ పెయింటు గోడకు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక రంగునే బుడగలుగా లేపుతుంది. గోడ ఊపిరి తీసుకోనిచ్చే రంగు, లేదా గానుగ సున్నం పనితనం తెలిసినవాళ్లుంటే సున్నమే వేయించండి. అల్మారాల వెనక గోడకు రెండు అంగుళాలు వదలండి, బూజు పట్టదు.

కట్టాక

ఏటా వానలకు ముందు ఒకసారి, తుపాను పోయాక ఒకసారి, గ్రిల్లులు, గేటు, ఏసీ బయటి యూనిటు, సోలార్ స్టాండు మంచినీళ్లతో కడగండి. సజ్జల కింద మిద్దె చూరు వరకు టార్చి వేసి చూడండి. సన్నటి ఎర్ర గీత గానీ, తట్టితే బోలుగా వినిపించే చోటు గానీ ఉంటే సిమెంటు పూసి రంగు వేయొద్దు. పూసిన ముక్క పక్కనున్న పాత కాంక్రీటులో తుప్పు ఇంకా తొందరగా పెరుగుతుంది. చెడిపోయిన కాంక్రీటును సలాక వెనక దాకా వేలు దూరేంత తీసేయాలి, సలాకను తెల్లగా మెరిసేదాకా రుద్దాలి, నాలుగో వంతుకు మించి సన్నబడితే పక్కన కొత్త సలాక కట్టాలి, ఆ తర్వాతే మందు పూసి, రిపేరు మాలు నింపాలి.

మా చెల్లె ఇంట్లో ఐదు సజ్జలూ కొట్టేయించాను. వాటి స్థానంలో టేకు బ్రాకెట్ల మీద పెంకులు కప్పించాను. వాన పడ్డప్పుడు చుక్కలు ఇప్పుడు గోడకు అడుగున్నర దూరంలో, కింద పరిచిన కంకర మీద పడుతున్నాయి.